సీతాఫలాల బుట్టలో కోవా విమానయానం

కుక్కను విమానం ఎక్కించవచ్చా అని ఈ మూడు వారాల్లో నన్ను అడిగినవాళ్ళు పదిహేడుమంది. వాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. ఎక్కించవచ్చు. 1994 నవంబరు 7 సోమవారం మొదలు 12 శనివారం దాకా ఆరు రోజుల్లో మా కోవాను నాలుగు విమానాలు ఎక్కించి, నాలుగింటి నుంచీ దింపి, ఇంటికి తెచ్చుకున్నాను.

కోవా మా పొమరేనియన్. ఐదేళ్ళది, ఒళ్ళంతా తెలుపు. 1991 జూన్‌లో, సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు వదిలి వస్తున్న రోజుల్లో, సౌండు రికార్డిస్టయిన మావారితో పాటు నేనూ ఫిల్మ్ నగర్ వచ్చేశాను. ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కల టీచరుగా చేసినదాన్ని. ఆ రైలు ప్రయాణంలో కోవాను గార్డు పెట్టెలో, కుక్కలకని ఉంచిన ఇనపగూట్లో పెట్టి తాళం వేశారు. పద్నాలుగు గంటల చీకటి. దిగాక అది ఆరు రోజులు అన్నం ముట్టలేదు, తొమ్మిది రోజులు మొరగలేదు. ఇంక నిన్ను చీకట్లో పెట్టనని దానికి మాటిచ్చాను. కుక్కకిచ్చినా మాట మాటే.

మా వీధి చివర ప్రొడక్షన్ ఆఫీసు ఉంది. నేను "ఆగు" అంటే ఎంత పరుగులో ఉన్నా కోవా ఆగిపోవడం అక్కడి మేనేజరు భాస్కరరావు చూశారు. అలా అది సినిమాలో చేరింది. కథలో తప్పిపోయిన కుక్క ఊళ్ళన్నీ తిరిగి, చివరికి డార్జిలింగులో మెట్లెక్కి హీరోయిన్‌ని చేరుకుంటుంది. ఇరవై రోజుల పని ఫిల్మ్ నగర్ స్టూడియోలోనే అయిపోయింది. మిగిలింది ఆ మెట్లే. బుధవారం ఉదయం తొమ్మిదికి మేము అక్కడ ఉండాలి. లేకపోతే ఊళ్ళో దొరికిన ఏ తెల్లకుక్కనో పెట్టి దూరం నుంచి తీసేస్తారు.

"కోవా పైన నా కాళ్ళ దగ్గర కూర్చుంటేనే వస్తాం. కింద సామాన్లలో వేస్తామంటే ఇద్దరం ఇంటికే" అని భాస్కరరావుగారికి ముందే చెప్పాను.

"అలాగేనండీ టీచరుగారూ" అన్నారాయన. ఆయన అందరికీ అలాగేనండీ అంటారు.

అక్టోబరు 24న నేనే విమానాల బుకింగు ఆఫీసుకు వెళ్ళి నిబంధనలు చేత్తో రాసుకొచ్చాను. చిన్న జంతువును గూటితో సహా ఐదు కిలోలు దాటకుండా ఉంటే పైన కూర్చోనిస్తారు, అదీ కెప్టెన్ ఒప్పుకుంటే. ఒక విమానంలో ఒక్క జంతువే. గూటికి మూత ఉండాలి, గాలి ఆడాలి, అడుగు తడి కారకూడదు. పశువుల డాక్టరు సర్టిఫికెట్టు ఉండాలి, పిచ్చికుక్క టీకా వేయించి ఉండాలి. ఐదు కిలోలు దాటితే కిందే. కోవాను సోమవారం సోమవారం షేక్‌పేటలో కిరాణా కొట్టు తక్కెడలో తూస్తాను. మూడు కిలోల నాలుగు వందలు. గూటికి ఒక కిలో ఆరు వందల దాకా వెసులుబాటు ఉందని లెక్క వేసుకుని నిశ్చింతగా ఉన్నాను.

బేగంపేట

గూడు చేయించే బాధ్యత ప్రొడక్షన్‌వాళ్ళది. కొలతలు రాసిచ్చాను. సోమవారం మధ్యాహ్నం కారులోకి వచ్చింది పెట్టె, మీద దుప్పటి కప్పుకుని. దుప్పటి తీసి చూస్తే ముచ్చటేసింది. గంధపు రంగు, ఇత్తడి మూలలు, పైన పిడి, అటు పన్నెండు ఇటు పన్నెండు గుండ్రటి చిల్లులు. మనవాళ్ళ పనితనమే వేరు అనుకున్నాను.

విమానాశ్రయం కౌంటరులో ఉన్న అమ్మాయి పెట్టెను కాంటా మీద పెట్టింది. ఖాళీ పెట్టే ఏడు కిలోల రెండు వందలు. ఆమె వంగి ఒక చిల్లులో వేలు పెట్టబోయింది. వేలు లోపలికి పోలేదు.

"అమ్మా, ఇవి చిల్లులు కావు" అంది.

నేనూ వేలు పెట్టి చూశాను. నున్నగా తగిలింది. ఇరవై నాలుగూ నల్ల రంగుతో వేసిన వలయాలు. లోతు కనబడడానికి ఒక్కో వలయానికీ కింది అంచున సన్నని తెల్లగీత కూడా దిద్దారు. పెట్టె కావాలనగానే మా ఆర్టు డిపార్టుమెంటువాళ్ళు కెమెరాకు పనికొచ్చే పెట్టె చేశారు. రాతిగోడ అడిగితే గోనెపట్టాకు సున్నం పూసి ఇచ్చే చేతులు. ఊపిరి పీల్చే జీవి లోపల కూర్చుంటుందని వాళ్ళకు తట్టలేదు. కుక్కను గ్రాముల్లో తూచే నేను పెట్టెలో వేలు పెట్టి చూడకపోవడం నా తప్పు. దాన్ని ఇక్కడ దాచను.

"చిల్లులదేముందండీ, ఎవరినైనా పిలిచి పొడిపిద్దాం. కింద పడేద్దాం టీచరుగారూ. రెండు గంటలే కదా. కింద కూడా ఏసీ వేస్తారటండీ" అన్నారు భాస్కరరావు.

"ఎవరు చెప్పారు?"

"మా డ్రైవరండీ."

"ఆయన ఎన్నిసార్లు కింద కూర్చుని వెళ్ళారు?"

నేను సంచీ తీసుకున్నాను, కోవాను చంకనెత్తుకున్నాను. ఇంటికి పోవడానికి ఆటో ఎక్కడ దొరుకుతుందా అని బయటికి చూస్తున్నాను కూడా. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు.

"ఏందమ్మా, గా కుక్కపిల్ల కోసమేనా లైను ఆపిన్రు?"

అరవై దాటిన మనిషి. తెల్ల ధోవతి, తలకు పెద్ద రుమాలు, పక్కన ఒక వెదురుబుట్ట. బుట్టకు గోనెసంచి మూత కుట్టి ఉంది.

"అవునయ్యా. దీనికి తేలికైన గూడు కావాలి."

"గదెంతుంటది?"

"మూడు కిలోల నాలుగు వందలు."

"తరాజుల వెట్టి కొన్నవా ఏంది?" అని నవ్వి తన బుట్ట ముందుకు జరిపాడు. "ఇండ్ల సీతాఫలాలున్నయి. కలకత్తల మా కొడుకుకు బ్యాంకు నౌకరి, ఆనికి దీస్కపోతున్న. పండ్లు దీస్తే బుట్ట ఖాళీనే గదా."

"మరి పండ్లు?"

"రుమాల్ల గట్టుకుంట. జర ఆగు, ఫికర్ జేయకు."

తల మీది రుమాలు విప్పుతుంటే అది ఐదారు గజాలు వచ్చింది. విమానాశ్రయం నేల మీద పరిచి అందులోకి పండ్లన్నీ ఎత్తాడు. మెత్తబడినవి నాలుగు తేలాయి. అందులో ఒకటి కౌంటరు అమ్మాయికిచ్చాడు.

"డ్యూటీల ఉన్న తాతా, వద్దు."

"డ్యూటీలున్నోళ్ళకు ఆకలి గాదా బిడ్డా?"

ఆమె అటూ ఇటూ చూసి పండు సొరుగులో పెట్టుకుంది. నేను సంచీలోంచి సూదీదారం తీసి, అడుగున తుండు మడిచి పరిచి, కోవాను కూర్చోబెట్టి, గోనెమూతకు గాలి ఆడేలా రెండు చోట్ల కత్తిరించి, చుట్టూ పద్నాలుగు కుట్లు వేశాను. బుట్టా మూతా తొమ్మిది వందలు, తుండు రెండు వందల యాభై, కోవా మూడు కిలోల నాలుగు వందలు. కాంటా నాలుగు కిలోల ఐదు వందల యాభై చూపించింది. కాగితం కెప్టెన్ దగ్గరికి వెళ్ళి పదకొండు నిమిషాలకు తిరిగి వచ్చింది. సరేనన్నాడు.

"అయితే ఒక్క మాటమ్మా" అన్నాడు ఆ పెద్దాయన. "బుట్ట మటుకు నాకు వాపసియ్యాలె. మా ఇంటామె అల్లింది. షేక్‌పేటల ఎల్లయ్యంటే ఎవ్వలన్న జెప్తరు."

ఇస్తానన్నాను. కోవాకిచ్చిన మాట మొదటిది, ఇది రెండోది. పెట్టెను డ్రైవరు వెనక్కి తీసుకుపోయాడు.

ఆకాశంలో

విమానం లేచేటప్పుడు బుట్ట వణికింది. వెదురుసందుల్లోంచి రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చాను. కోవా వాటిని నాకుతూ కూర్చుంది. చీకటి లేదు, సందుసందులోంచీ వెలుతురు పడుతోంది. పావుగంటకు నిద్రపోయింది. రెండు గంటల పది నిమిషాల్లో ఒక్కసారి కూడా మొరగలేదు. మొరిగింది మా వెనక సీటాయన గురకే.

ఎల్లయ్యకు కిటికీ సీటు ఇప్పించాను. "మీ ఫిల్మ్ నగర్ గుట్ట మీద మీ ఇండ్లకంటె ముందు సీతాఫలం చెట్లుండె. బండల సందులల్ల. చిన్నగున్నప్పుడు పొద్దంతా గాడనే మా మకాం. మీరొచ్చి ప్లాట్లు జేసిన్రు, మేం అమ్మినం. గా పైసలతోనే గీ ఇమానం టికీటు" అన్నాడు. అందులో నిష్ఠూరం ఎంతో, సంతోషం ఎంతో నేను లెక్క తేల్చలేకపోయాను. మా పెరటి బండ పక్కన ఇంకా ఒక చెట్టు మిగిలి ఉందని చెప్పాను. "మరి కాయలు ఎవ్వలు తింటున్రు?" అని వెంటనే అడిగాడు.

కలకత్తా

ఎల్లయ్యను కొడుకు వచ్చి తీసుకువెళ్ళాడు. భాస్కరరావుగారూ, నేనూ, కోవా లాడ్జికి వెళ్ళాం. యజమానురాలు లావుపాటి ఆవిడ, హిందీలో మాట్లాడింది. కుక్కకు విడిగా ఇరవై రూపాయలంది. "మంచం మీద పడుకోదు, దుప్పటి అడగదు, ఇరవై దేనికి?" అన్నాను. పది చేసింది. రేటు తగ్గించినందుకు కోపం లేకపోగా కోవాకు ఒక గిన్నెలో పాలు తెచ్చిపెట్టింది.

ఇక్కడ టీ మట్టిముంతలో పోస్తారు. రూపాయి. తాగాక ముంతను నేలకేసి కొడతారు. మన ఇరానీ హోటల్లో చాయ్‌ని సాసరులో పోసుకుని అరగంట కూర్చుంటాం. ఇక్కడివాళ్ళు నిలబడి మూడు గుక్కల్లో ముగించి ముంత పగలగొట్టి వెళ్ళిపోతారు. నాకు ముంత పగలగొట్ట బుద్ధి పుట్టక రెండు సంచీలో వేసుకున్నాను. రసగుల్లా మన పాకం మిఠాయిలంత తీపి ఉండదు, పళ్ళకింద కిచకిచమంటుంది. ఎక్కడ చూసినా ఆవనూనె వాసన. కోవా నాలుగుసార్లు తుమ్మింది.

డమ్‌డమ్ కౌంటరు

మంగళవారం ఉదయం కలకత్తా డమ్‌డమ్ విమానాశ్రయం నుంచి, డార్జిలింగు కొండల కింద ఉన్న బాగ్‌డోగ్రాకు విమానం. కౌంటరులో కళ్ళద్దాల బెంగాలీ ఆఫీసరు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడాడు, నేను తెలుగులో రాస్తున్నాను. సర్టిఫికెట్టు చదివాడు. మూత కుట్లు విప్పమన్నాడు. కోవా తల పైకెత్తింది. ఆయన మళ్ళీ కాగితం చూశాడు.

"ఇందులో, రంగు తెలుపు, మచ్చలు లేవు అని ఉంది. ఎడమచెవి మీద ఈ గోధుమరంగు మచ్చ ఏమిటి?"

ఆ మచ్చ మేకప్‌మ్యాన్ వేసింది. కథలో కుక్కకు మచ్చ ఉంటుంది. ఆదివారం స్టూడియోలో చివరి షాటు తీశాక, "చెరపకండి టీచరుగారూ, అక్కడ మళ్ళీ మొదటినుంచీ వేయనక్కర్లేదు" అని ఆయన అలాగే ఉంచి, ముందుగా డార్జిలింగు వెళ్ళిపోయాడు. డాక్టరు చూసిన రోజు కోవా స్నానం చేసి తెల్లగా ఉంది. ఇరవై రోజులుగా రోజూ చూసి చూసి అది దాని సొంత మచ్చేనన్నంతగా అలవాటు పడిపోయాను.

"ఇది ఆ కుక్క కాదు. మరో కుక్కకు తీసుకున్న సర్టిఫికెట్టుతో దీన్ని పంపలేను" అన్నాడాయన. తప్పు పట్టడానికి లేదు. నేను ఆయన కుర్చీలో ఉన్నా అదే అనేదాన్ని.

"అది రంగండీ. కొబ్బరినూనె పెడితే పోతుంది. ఇప్పుడే తుడిచి చూపిస్తాను."

భాస్కరరావుగారు నా చెయ్యి పట్టుకున్నంత పని చేశారు. "వద్దండీ! మచ్చ ఒక్క పిసరు తేడా వస్తే ఇరవై రోజుల పనికీ దీనికీ పొంతన కుదరదు. డైరెక్టరుగారు నన్ను బతకనివ్వరు. ఫొటోలన్నీ స్టూడియోలోనే ఉన్నాయండీ."

"ఎంత సమయం ఉంది?"

"ఇరవై ఐదు నిమిషాలు" అన్నాడు ఆఫీసరు.

నిబంధనలు రాసుకున్న కాగితం వెనకవైపు తిప్పాను. పల్చటి కాగితం. కోవాతో "ఆగు" అన్నాను. శిలలా కూర్చుంది. చెవిని అరచేతిలో పరిచి, మీద కాగితం పెట్టి, మచ్చ అంచు వెంట పెన్సిలు నడిపాను. ఆఫీసరు అడగకుండానే తన స్కేలు ఇచ్చాడు. పొడవు రెండంగుళాలు, వెడల్పు ఒకటింబావు, చెవికొస నుంచి దూరం అర అంగుళం, లోపలి అంచున చిన్న నొక్కు. అన్నీ రాసి, ఎడమచెవి అని కింద గీత గీశాను. ఆ తర్వాత నా తలనూనె సీసా తీశాను. మూడు సార్లు తుడవగానే చేతిరుమాలు గోధుమరంగుకు మారింది, చెవి తెల్లగా బయటపడింది.

అప్పటికి మా చుట్టూ కనీసం ఇరవైమంది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆఫీసరు నవ్వకుండా సర్టిఫికెట్టు మీద రాశాడు: "మచ్చ రంగు మాత్రమే. నా ఎదుట తుడిచారు." సంతకం, తేదీ, టైము కూడా వేశాడు. టైము వేసే మనిషిని చూసి చాలా కాలమైంది. కెప్టెనే స్వయంగా బయటికి వచ్చి, "సినిమా తార ఎవరు?" అని అడిగి, బుట్టలోకి తొంగి చూసి సరేనన్నాడు.

డార్జిలింగు

బాగ్‌డోగ్రా నుంచి జీపులో మూడు గంటల నలభై నిమిషాలు. చలికి నేను రెండు స్వెట్టర్లు వేసుకున్నాను. కోవాకు మాత్రం దేవుడిచ్చిన కోటు మొదటిసారి పనికొచ్చింది. ఇక్కడి వీధికుక్కలు ఎలుగుపిల్లల్లా ఉంటాయి. ఎండ పడిన చోటల్లా మెట్ల మీద అడ్డంగా పడుకుంటాయి, మనుషులే పక్కకు తప్పుకుని నడుస్తారు. జూబ్లీహిల్స్‌లో కుక్క కనిపిస్తే వాచ్‌మన్ కర్ర తీస్తాడు. మోమోలు అమ్మే ఆవిడను కూరగాయలవే అని మూడుసార్లు రూఢి చేసుకుని ప్లేటు తిన్నాను. మన కుడుములకు దూరపుచుట్టాలు. కారం మాత్రం గుంటూరువాళ్ళకు కూడా కళ్ళనీళ్ళు తెప్పిస్తుంది.

బుధవారం ఎనిమిదింబావుకు మెట్ల దగ్గర ఉన్నాం. మేకప్‌మ్యాన్ కోవాను చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, చెరిపేశారా! సరేలెండి, నాకు గుర్తుందిలే" అని రంగుపుల్ల తీసి కుడిచెవి పట్టుకున్నాడు.

నేను కాగితం ముందు పెట్టాను. ఆయన కాగితం వంక, చెవి వంక, నా వంక చూశాడు. ఎడమచెవి పట్టుకున్నాడు. నొక్కుతో సహా వేశాడు.

నలభై ఆరు మెట్లు. కోవా అన్నీ ఎక్కి పై మెట్టు మీద ఆగి హీరోయిన్‌ను చూడాలి. మన సినిమాల్లో మాటలు తర్వాత చేరుస్తారు కనుక నేను కెమెరా వెనక నుంచి ఎంత గట్టిగానైనా అరవవచ్చు. మంచు విడిచేదాకా ఆగి పది నలభైకి మొదలుపెట్టారు. కోవా తెల్లటి ఉండలా దొర్లుకుంటూ పైకి పోయింది. నలభై ఆరో మెట్టు మీద కాలు పెట్టగానే "ఆగు!" అన్నాను. ఆగింది. తల ఒక పక్కకు వాల్చి ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. తల వాల్చమని ఎవరూ చెప్పలేదు.

ఒకే టేకు. డైరెక్టరు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. భాస్కరరావుగారు నా దగ్గరికి వచ్చి, "గెలిచారు టీచరుగారూ. ఇంకెప్పుడూ డ్రైవరు మాట వినను" అన్నారు.

తిరుగు ప్రయాణానికి ముందు కోవాకు వేడినీళ్ళ స్నానం చేయించి చెవి తెల్లగా చేశాను. డమ్‌డమ్‌లో ఆ ఆఫీసరే ఉన్నాడు. ఎడమచెవి చూశాడు, కాగితం చూశాడు, ఈసారి నవ్వాడు. శనివారం సాయంత్రం బేగంపేటలో కౌంటరు అమ్మాయి దూరం నుంచే చెయ్యి ఊపింది. "పెట్టె ఏమైందమ్మా?" అంది. సినిమాలో కుక్కను ఆ పెట్టెలో మోసే షాటొకటి కొత్తగా చేర్చి స్టూడియోలో తీస్తారని భాస్కరరావుగారు చెప్పారు. ఖాళీ పెట్టెనే మోస్తారని మాట తీసుకున్నాను.

షేక్‌పేట

ఆదివారం బుట్టా గోనెమూతా కడిగి, ఎండబెట్టి, మూతను అడుగున పరిచి, మా పెరటి చెట్టువి ఆరు సీతాఫలాలు అందులో పెట్టుకుని, కోవాతో నడిచి వెళ్ళాను. ఎల్లయ్య ఇంకా కలకత్తాలోనే ఉన్నాడు. గుమ్మంలో ఆయన భార్య బాలమ్మ చాట పట్టుకుని కూర్చుంది.

"మా ఇంటాయన బుట్ట నీ దగ్గరికెట్లొచ్చింది?" అని నన్ను పైనుంచి కిందికి చూసింది.

మొత్తం చెప్పాను. రంగు చిల్లుల దగ్గర పగలబడి నవ్వింది. బుట్టను ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, అల్లికలో చిక్కుకున్న ఒక తెల్లవెంట్రుక లాగింది.

"నేనింక ఇమానమెక్కలే. బర్రెల నిడిచిపెట్టి ఏడబోత? నా బుట్ట ఎక్కింది సూడు, నాలుగుసార్లు."

పండ్లు చాటలోకి ఎత్తి, బుట్టను కింద పెట్టింది. కోవా చుట్టూ ఒకసారి తిరిగి, ఎవరూ పిలవకుండానే అందులోకి దూకి, ముడుచుకుని కళ్ళు మూసుకుంది. రైలు పెట్టె నుంచి దిగిన రోజు మొదలు ఈ మూడేళ్ళలో అది తనంతట తాను ఏ గూట్లోకీ వెళ్ళలేదు.

"దా కోవా, బుట్ట వాళ్ళది" అన్నాను. కన్ను తెరవలేదు.

"ఊకో అక్కా, లేపకు. నేను ఇంకోటి అల్లుకుంట. దీస్కపో."

"ఎంత ఇవ్వమంటావు?"

"పైసలెందుకు? ఏటా మా గుట్ట పండ్లు ఆరు తెచ్చియ్యి."

మూడో మాట ఇచ్చాను. షేక్‌పేట నుంచి ఫిల్మ్ నగర్ ఎత్తు దాకా కోవాను బుట్టతోనే మోసుకొచ్చాను. దారిలో ఇద్దరు ఆటోవాళ్ళు ఆగి, "బరువుగా ఉన్నట్టుంది పెద్దమ్మా, ఎక్కు" అన్నారు. బరువు నాకు తెలుసు. తుండు లేదు కనుక నాలుగు కిలోల మూడు వందలు.